ఎస్టీపీ బురద నుంచి సూపర్ కెపాసిటర్ దాకా: తిరుపతి ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి: బురద తెచ్చుకోవడం

మురుగునీటి శుద్ధి కేంద్రం (ఎస్టీపీ) అనగానే అందరూ నీళ్ల గురించే అడుగుతారు. నీళ్లు ఎంత శుభ్రంగా వస్తున్నాయి, చెట్లకు వాడొచ్చా, చెరువులోకి వదలొచ్చా అని. ఆ నీళ్లలోంచి బయటికి తీసిన మడ్డి ఎక్కడికి పోతుందని అడిగేవాళ్లు తక్కువ. పది లక్షల లీటర్ల మురుగును శుద్ధి చేస్తే సుమారు 200 కిలోల పొడి ఘనపదార్థం మిగులుతుంది. అదైనా పొడిగా రాదు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి నీళ్లు పిండిన తర్వాత కూడా అయిదింట నాలుగు వంతులు నీళ్లే ఉంటాయి కాబట్టి చేతికి వచ్చేది దాదాపు టన్ను తడి బురద. స్థానికులకు తోడు రోజూ వేలమంది యాత్రికులు వచ్చిపోయే తిరుపతిలో ఈ ప్రవాహం ఒక్కరోజు కూడా ఆగదు.

బురద అంటే ఉత్త మట్టి అనుకుంటాం కానీ అందులో సగానికి పైగా సూక్ష్మజీవుల శరీరాలు, వాటికి అంటుకున్న సేంద్రియ పదార్థమే. 1914లో మాంచెస్టర్‌లో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ ‘యాక్టివేటెడ్ స్లడ్జ్’ పద్ధతిని ప్రకటించారు. మురుగులోకి గాలి ఊదితే బాక్టీరియా అందులోని మలినాన్ని తిని పెరుగుతుంది. తర్వాత గాలి ఆపి నిలకడగా ఉంచితే కుచ్చులు కట్టి అడుగుకు దిగుతుంది. నూరేళ్లు దాటినా ఇప్పటికీ ప్రపంచంలో ఎన్నో ప్లాంట్లు నడిచేది ఆ సూత్రం మీదే. అలా దిగిన బాక్టీరియాలో కార్బన్ ఉంది, ప్రొటీన్ల వల్ల వచ్చిన నైట్రోజన్ ఉంది, ఫాస్ఫరస్ ఉంది. వీటితోపాటు ఇసుక, ఇనుము, కాల్షియం, అల్యూమినియం, కొద్దిగా జింకు, రాగి కూడా ఉంటాయి. మాకు కావలసింది ఆ కార్బన్. వీలైతే దాన్ని అంటిపెట్టుకున్న నైట్రోజన్ కూడా.

ఆ కార్బన్‌తో, కరెంటును నిలవ చేసే సూపర్ కెపాసిటర్‌కు ఎలక్ట్రోడ్ (చార్జి దాచే పలక) చేయాలన్నది ప్రాజెక్టు. మామూలు బ్యాటరీలో చార్జి రసాయన చర్య ద్వారా నిలవ ఉంటుంది. సూపర్ కెపాసిటర్‌లో ప్రధానంగా కార్బన్ ఉపరితలం మీదికి ద్రావణంలోని అయాన్లు (చార్జి ఉన్న కణాలు) వచ్చి చేరతాయి, అంతే. అందుకే క్షణాల్లో నిండుతుంది, లక్షల సార్లు నింపి ఖాళీ చేసినా తట్టుకుంటుంది. బదులుగా నిలవ తక్కువ. 1957లో జనరల్ ఎలక్ట్రిక్‌లో హోవర్డ్ బెకర్ పేరున వచ్చిన పేటెంటులోనే రంధ్రాల కార్బన్ ఎలక్ట్రోడ్ ఉంది. ఎంత రంధ్రాలుంటే అంత ఉపరితలం, ఎంత ఉపరితలం ఉంటే అంత చార్జి అన్నది స్థూలంగా సూత్రం.

కరకంబాడిలో అమరరాజా బ్యాటరీల ఫ్యాక్టరీ ఎప్పటినుంచో ఉంది. 2022లో తిరుపతిలోనే లిథియం సెల్ ప్రయోగాత్మక తయారీ కూడా మొదలైంది. మా ఊళ్లో బ్యాటరీ అనే మాట కొత్త కాదు, చాలా ఇళ్లకు అదే జీతం. అయినా ప్లాంట్‌లో ఆపరేటర్ అన్నకు మేం బకెట్లు పట్టుకుని వెళ్లడం వింతగానే అనిపించింది.

“ఈ మడ్డితో బ్యాటరీ చేస్తారా సామీ?”

“బ్యాటరీ లాంటిదే అన్నా. ముందు బొగ్గు చేయాల.”

“అయితే బెడ్ల మీదిది తీసుకోవాకండి. దాంట్లో ఇసుక చానా ఉంటాది. మిషను దగ్గిర పడేది తీసుకోండి.”

ఆయన మాట ఈ ప్రాజెక్టుకు అందిన మొదటి మంచి సలహా. డ్రైయింగ్ బెడ్ అంటేనే కంకర మీద పరిచిన ఇసుక. ఎండిన బురదను పారతో గీకి తీస్తే పై పొర ఇసుక కూడా వచ్చేస్తుంది. ఆరిన సరుకు తెచ్చుకుంటే పని తగ్గుతుందని మేం అటే చూస్తున్నాం. ఆయన చెప్పాక సెంట్రిఫ్యూజ్ కింద పడే తడి కేక్‌నే తీసుకున్నాం. వానలు పడినప్పుడు కాలవల్లోంచి మట్టి ఎక్కువగా కొట్టుకొస్తుందని, ఎండాకాలం బురదే మేలని కూడా ఆయనే చెప్పాడు.

మార్చి: ఎండ, బూడిద

రేకు ట్రేలలో వేలి మందం పరిచి ల్యాబ్ మేడ మీద ఎండబెట్టాం. పైన దోమతెర, చేతులకు గ్లవ్స్, మూతికి మాస్క్. ఇది మనుషుల మలం నుంచి వచ్చిన పదార్థం. రోగక్రిములు, పురుగుల గుడ్లు ఉంటాయని మరిచిపోకూడదు. ఎండలో గట్టిపడ్డాక 105 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచి, ఆ తర్వాతే పొడి చేశాం. ఓవెన్ దాటని సరుకు గ్రైండింగ్ గదిలోకి రాకూడదన్నది మా గైడ్ మేడం పెట్టిన నియమం. ఒక్కరోజు కూడా దాన్ని సడలించలేదు.

ఎండబెట్టడం గురించి ఇంకొంచెం చెప్పాలి. కిలో తడి కేక్‌లో 800 గ్రాములు నీళ్లు. 30 డిగ్రీల నీటిని మరిగించి ఆవిరి చేయడానికి కావలసిన వేడి లెక్కేస్తే ఆ 800 గ్రాములకు సుమారు 0.57 యూనిట్ల కరెంటు అవుతుంది. హీటర్ నష్టాలు కలపకుండానే అంత. తిరుపతి మార్చి ఎండ ఆ పనంతా ఉచితంగా చేసిపెడుతుంది. బురద నుంచి కార్బన్ చేసే పద్ధతుల గురించి చదివేటప్పుడు ‘ఎండిన స్లడ్జ్ తీసుకున్నాం’ అని ఒక్క ముక్కలో దాటిపోతుంటారు. అసలు ఖర్చు చాలావరకు ఆ ముక్కలోనే దాగి ఉంటుంది.

పొడిని 550 డిగ్రీల మఫిల్ ఫర్నేస్‌లో గాలి తగిలేలా కాల్చి చూస్తే నూటికి నలభై పాళ్లు ఎర్రమట్టి రంగు బూడిద మిగిలింది. ఈ నలభైయే ఈ డైరీ మొత్తానికి అసలు ప్రత్యర్థి. బూడిద చార్జి దాచదు, ఎలక్ట్రోడ్ బరువు మాత్రం పెంచుతుంది. బొగ్గు చేసేటప్పుడు సేంద్రియ భాగంలో ఎక్కువ వంతు పొగగా, తారుగా పోతుంది కానీ బూడిద ఎక్కడికీ పోదు. దాంతో బొగ్గులో దాని వాటా ఇంకా పెరుగుతుంది.

ఏప్రిల్: బొగ్గు

నైట్రోజన్ నింపిన ట్యూబ్ ఫర్నేస్, నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 600 డిగ్రీల దాకా, అక్కడ రెండు గంటలు. కట్టెల బొగ్గు వాసన ఊహించుకుని దగ్గరికి వెళ్లకూడదు. ప్రొటీన్ కాలితే అమోనియా, హైడ్రోజన్ సయనైడ్ వస్తాయి, గంధకం నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. బయటికొచ్చే గొట్టాన్ని ముందు చల్లని ఖాళీ సీసాలోకి పెట్టి తారు పట్టాం. అక్కణ్నుంచి కాస్టిక్ సోడా ద్రావణంలోంచి బుడగలుగా పంపి, ఫ్యూమ్ హుడ్‌లోకి వదిలాం. ఆ ఏర్పాటు సరిగ్గా కుదిరేదాకా ఫర్నేస్ ఆన్ చేయలేదు.

200 గ్రాముల పొడి బురదకు 115 గ్రాముల దాకా నల్లటి బొగ్గు దిగింది. చూడ్డానికి బాగానే ఉంది కానీ అందులో మూడింట రెండు వంతులకు పైగా బూడిదే.

మే: మొదటి కడుగుడు

గంగమ్మ జాతర వారంలో ల్యాబ్‌లో జనం పల్చబడ్డారు. హాట్ ప్లేట్లు అన్నీ మాకే దొరికాయి.

బొగ్గును సన్నగా నూరి, పల్చని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో 60 డిగ్రీల దగ్గర కలియబెట్టాం. ద్రావణం కాసేపటికే పసుపు తిరిగింది, అది ఇనుము. దాంతోపాటు కాల్షియం, అల్యూమినియంలో కొంత, ఫాస్ఫరస్ బయటికి వస్తాయి. వడకట్టి, నీళ్లతో కడిగి, ఆరబెట్టి తూస్తే 115 కాస్తా 78 అయింది. ఇంకా మొండిగా మిగిలింది సిలికా, అంటే ఇసుక జాతి. ఈ యాసిడ్‌కు అది లొంగదు.

సిలికాను తీయడానికి చాలామంది హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడతారు. మేం వద్దనుకున్నాం. ఆ యాసిడ్ చర్మం మీద పడితే లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. చిన్న చుక్కకే ఆస్పత్రికి పరిగెత్తాలి. చెత్తను మంచి పదార్థంగా మార్చే పనిలో అంతకంటే ప్రమాదకరమైన చెత్తను పుట్టించడం నాకు ససేమిరా నచ్చదు. పైగా ఎలాగూ తర్వాతి మెట్టులో ఘాటైన క్షారం వాడబోతున్నాం, సిలికా క్షారానికి లొంగుతుంది. ఆ ఒక్క మందుతోనే రెండు పనులూ అవుతాయని ఆశ.

జూన్: కేఓహెచ్, వేడినీళ్లు

బొగ్గుకు రంధ్రాలు పొడిచేది పొటాషియం హైడ్రాక్సైడ్, ల్యాబ్ భాషలో కేఓహెచ్. వేడిమీద అది కార్బన్‌ను తింటుంది. ఆరు పాళ్ల కేఓహెచ్, రెండు పాళ్ల కార్బన్ కలిస్తే పొటాషియం లోహం, హైడ్రోజన్, పొటాషియం కార్బొనేట్ పుడతాయి. పొటాషియం 760 డిగ్రీల దగ్గర ఆవిరై కార్బన్ పొరల మధ్యకు దూరి వాటిని విడదీస్తుంది. కార్బొనేట్ కూడా వేడెక్కి విడిపోయి వచ్చిన వాయువుతో ఇంకొన్ని దారులు తవ్వుతుంది.

దీని జాగ్రత్తలు ఒక పేజీ రాసి ఫర్నేస్ పక్కన అతికించాం. కరిగిన కేఓహెచ్ క్వార్ట్జ్ ట్యూబును, అల్యూమినా బోటును (సరుకు పెట్టే పడవలాంటి పాత్రను) కొరికేస్తుంది కాబట్టి నికెల్ బోట్ వాడాలి. బోట్ ముందూ వెనకా నికెల్ రేకు అడ్డం పెట్టాలి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి చివరిదాకా నైట్రోజన్ ఆగకూడదు. పూర్తిగా చల్లారేదాకా తలుపు తీయకూడదు. మిగిలిన పొటాషియం లోహానికి నీళ్లు తగిలితే మంట వస్తుంది, అందుకని ముందు ఆల్కహాల్ బొట్టుబొట్టుగా వేసి శాంతపరచాలి. ఈ రోజుల్లో మాకు నిజంగా టెన్షన్ ఉండేది. జూనియర్లను ఈ గదిలోకి ఒంటరిగా పంపలేదు.

బొగ్గు ఒక పాలు, కేఓహెచ్ రెండు పాళ్లు, 750 డిగ్రీలు, గంట.

బయటికి తీశాక కడిగే వరుస ముఖ్యం. చాలా చోట్ల ‘యాసిడ్‌తో కడిగి న్యూట్రల్ చేశాం’ అని మాత్రమే ఉంటుంది. మామూలు కొబ్బరి చిప్ప బొగ్గుకు అది చాలు. బురద బొగ్గుకు చాలదు. మన దాంట్లోని సిలికా కేఓహెచ్‌తో కలిసి పొటాషియం సిలికేట్ అయి ఉంటుంది. అది వేడినీళ్లలో హాయిగా కరుగుతుంది. అదే ముందుగా యాసిడ్ పోశామో, కరిగే సిలికేట్ తిరిగి సిలికా జెల్‌గా గడ్డకట్టి ఇప్పుడే పొడిచిన రంధ్రాల్లో కూర్చుంటుంది. పరీక్ష కోసం ఒకే బ్యాచ్‌ను రెండు భాగాలు చేశాం. ఒకదానికి ముందు యాసిడ్, ఇంకోదానికి ముందు మరిగే నీళ్లు, తర్వాత యాసిడ్. మొదటిది వడపోత కాగితం మీద జావలా అతుక్కుపోయి దిగనే లేదు. రెండోది గలగలా దిగింది. కాల్చి చూస్తే మొదటిదాని బూడిద రెండోదానికి ఎన్నో రెట్లు. బురదతో ఈ పని మొదలుపెట్టేవాళ్లు ఈ డైరీలో ఇంకేమీ చదవకపోయినా ఫర్వాలేదు, ఈ వరుస మాత్రం గుర్తుపెట్టుకోండి: వేడినీళ్లు ముందు, యాసిడ్ తర్వాత.

చివరికి చేతికొచ్చింది పాతిక గ్రాముల కార్బన్. కిలో తడి బురదకు పాతిక గ్రాములు. దానికి వాడిన కేఓహెచ్ దాదాపు 156 గ్రాములు, అంటే కార్బన్ బరువుకు ఆరు రెట్లు. ఈ నిష్పత్తి చూశాక రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. ఉపరితలం బాగున్నా, చార్జి దాచే సామర్థ్యం (కెపాసిటెన్స్) బాగున్నా, ఈ ఆరు రెట్ల మందు ఎక్కడికి పోతుందో చెప్పకుండా దీన్ని పర్యావరణానికి మేలు చేసే పదార్థం అనలేం.

జూలై: మామిడి టెంకలు

చిత్తూరు జిల్లాలో ఇది తోతాపురి కాలం. గుజ్జు ఫ్యాక్టరీల బయట టెంకలు గుట్టలుగా పడి ఉంటాయి. టెంకలో బూడిద చాలా తక్కువ, గట్టి కార్బన్ వస్తుంది. బురదలో నైట్రోజన్ ఉంది కానీ కార్బన్ తక్కువ. చెరి సగం కలిపి కాలిస్తే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుందేమో చూడాలని మేడం అన్నారు.

నాకు ఒక అభ్యంతరం కనిపించింది, అదీ చెప్పాను. ఇలాంటి మిశ్రమంలో మంచి ఫలితం వస్తే దాని పేరు బురదకు కట్టబెట్టడం తేలిక. కాబట్టి బురద మాత్రమే, టెంక మాత్రమే, మిశ్రమం అని మూడు రకాలు, ఒకే ఫర్నేస్, ఒకే కేఓహెచ్ పాలు, ఒకే కడుగుడు వరుసలో చేశాం. టెంకలను పగలగొట్టడం, లోపలి జీడి తీసి పైచిప్ప విడదీయడం మాత్రం చేతుల నొప్పి పుట్టించింది. ల్యాబ్ అటెండర్ అన్న ఇంటినుంచి కత్తిపీట తెచ్చి కూర్చోకపోతే ఇంకా ఆలస్యమయ్యేది.

ఉపరితలం కొలత కోసం శాంపిల్స్ బయటికి పంపాం. బీఈటీ పద్ధతి, అంటే 1938లో బ్రునావర్, ఎమ్మెట్, టెల్లర్ ముగ్గురూ ఇచ్చింది. మైనస్ 196 డిగ్రీల దగ్గర నైట్రోజన్ ఎంత అంటుకుంటుందో కొలిచి, గ్రాముకు ఎన్ని చదరపు మీటర్లో లెక్కగడతారు. కేఓహెచ్ తగలని బురద బొగ్గుకు కొన్ని పదులే. కేఓహెచ్ తర్వాత బురద కార్బన్ సుమారు 900, మిశ్రమం 1300, టెంక 1700.

ఆగస్టు: ఎలక్ట్రోడ్

80 పాళ్లు మన కార్బన్, కరెంటు బాగా పారడానికి 10 పాళ్లు కార్బన్ బ్లాక్ (సన్నటి మసి), పొడి అంటుకుని ఉండడానికి 10 పాళ్లు పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ బైండర్. ద్రావకం పోసి నూరి, దోసె పిండి జారుడుగా వచ్చాక పూత పూసి, వాక్యూమ్ ఓవెన్‌లో ఆరబెట్టాం.

పూత దేనిమీద పూస్తామన్నది చిన్న విషయం కాదు. ఎక్కువమంది స్పాంజి లాంటి నికెల్ ఫోమ్ వాడతారు. చవక, రంధ్రాలుంటాయి, పూత బాగా పట్టుకుంటుంది. కానీ సెల్‌లో పోసే 6 మోలార్ (బాగా గాఢమైన) కేఓహెచ్ ద్రావణంలో నికెల్ మీద హైడ్రాక్సైడ్ పొర ఏర్పడి, పై వోల్టేజీల దగ్గర అదే చార్జి ఇచ్చి పుచ్చుకుంటుంది. ఏ పూతా లేని ఖాళీ ఫోమ్‌ను సెల్‌లో పెట్టి నడిపాం. గ్రాఫ్‌లో శిఖరాలు స్పష్టంగా వచ్చాయి. ఆ చార్జిని మన కార్బన్ ఖాతాలో వేసుకుంటే అంకె పెరుగుతుంది, నిజం తగ్గుతుంది. అందుకని గ్రాఫైట్ రేకుకు మారాం.

పూత మందం సంగతి కూడా అంతే. ఎంత పల్చగా పూస్తే గ్రాముకు అంత గొప్ప అంకె వస్తుంది. అయాన్లకు దూరం తక్కువ కదా. 2011లోనే యూరీ గొగొట్సీ, పాట్రీస్ సిమోన్ దీనిమీద గట్టిగా హెచ్చరించారు. అమ్మకానికి వచ్చే పరికరాల్లో చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీగ్రాముల దాకా కార్బన్ ఉంటుంది. ఒకటి రెండు మిల్లీగ్రాముల పూతతో తీసిన అంకెను ఆ పరికరానికి అంటగట్టడం కుదరదు. మేం వీలైనంత మందంగా పూసి, ఎంత మందమో ప్రతి కొలత పక్కనా రాశాం. పగుళ్లు రాకుండా మందంగా పూయడం ఇంకా పూర్తిగా చేతికి రాలేదు, ఆ పని నడుస్తోంది.

ఒక్క ఎలక్ట్రోడ్‌నే విడిగా పరీక్షించే మూడు ఎలక్ట్రోడ్ల కొలత మానేసి, ఒకే రకం ఎలక్ట్రోడ్లు రెండు ఎదురెదురుగా పెట్టి నిజమైన సెల్‌లాగే కొలిచాం. గ్రాముకు ఒక ఆంపియర్ కరెంటు దగ్గర ఒక్కో ఎలక్ట్రోడ్ లెక్కన బురద కార్బన్ గ్రాముకు సుమారు 150 ఫారడ్లు (చార్జి దాచే సామర్థ్యానికి కొలమానం), మిశ్రమం 185, టెంక 200.

అంటే టెంకే గెలిచింది. ఫలితాల మీటింగ్‌లో ఇది దాచకుండా మొదటి స్లైడ్‌లోనే పెట్టాం. అయితే అదే అంకెలను ఉపరితలంతో భాగిస్తే వరుస తిరగబడుతుంది. చదరపు మీటరుకు బురద కార్బన్ 0.17 ఫారడ్, మిశ్రమం 0.14, టెంక 0.12. ఉన్న కొద్ది ఉపరితలాన్ని బురద కార్బన్ మెరుగ్గా వాడుకుంటోంది. బాక్టీరియా ప్రొటీన్ల నుంచి వచ్చిన నైట్రోజన్ కార్బన్ అల్లికలో కుదురుకుని అయాన్లను ఆకర్షించడం ఒక కారణం కావచ్చు. ఇంకా మిగిలిన లోహాలు తమవంతు చార్జి ఇవ్వడం ఇంకో కారణం కావచ్చు. ఉపరితలంలో ఏ మూలకం ఏ రూపంలో ఉందో చెప్పే ఎక్స్‌పీఎస్ రిపోర్ట్ రాకుండా దీన్ని నైట్రోజన్ గొప్పగా ప్రకటించడానికి నేను ఒప్పుకోను.

సెప్టెంబర్: చార్జి కారిపోవడం, అసలు లెక్క

నింపిన సెల్‌ను తీగలు విప్పి వదిలేస్తే వోల్టేజీ ఎంత త్వరగా పడుతుంది? వాడేవాడికి ముఖ్యమైన ప్రశ్న ఇదే. లోహాల జాడ తెలియడానికి ఈ పరీక్షను సల్ఫ్యూరిక్ యాసిడ్ ద్రావణంలో పెట్టాం. అక్కడ ఇనుము కరుగుతుంది, కరిగితే దొంగలా పనిచేస్తుంది. ధన ఎలక్ట్రోడ్ దగ్గర ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి, ఈదుకుంటూ రుణ ఎలక్ట్రోడ్ దగ్గరికి పోయి ఇంకో ఎలక్ట్రాన్ తీసుకుని, మళ్లీ వెనక్కి వస్తుంది. ఇలా తిరుగుతూ ఉంటే సెల్ ఖాళీ అవుతూ ఉంటుంది. కెపాసిటెన్స్ కొలతలో ఈ లోపం కనబడదు. యాసిడ్ కడుగుడు ఒకసారి మాత్రమే అయిన కార్బన్‌తో చేసిన సెల్ తొందరగా దిగిపోయింది, బొగ్గు దశలోనూ కేఓహెచ్ తర్వాతా రెండుసార్లూ కడిగినది నిలబడింది. టెంక సెల్ రెండిటికంటే మెరుగు. బురద నుంచి వచ్చే ఏ కార్బన్‌కైనా ఈ పరీక్ష తప్పనిసరి చేయాలని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు అసలు లెక్క. 150 ఫారడ్ల ఎలక్ట్రోడ్లు రెండు, ఒక వోల్టు. సెల్ మొత్తం కార్బన్ బరువు మీద కిలోకు 5.2 వాట్-అవర్లు వస్తాయి. రేకులు, ద్రావణం, డబ్బా బరువు కలిపితే అందులో నాలుగో వంతు కూడా నిలవదు. లెడ్ బ్యాటరీ 30 నుంచి 40 ఇస్తుంది, లిథియం అయాన్ 150 పైనే. కాబట్టి స్కూటర్ నడిపే మాట ఇక్కడ లేదు. క్షణాల్లో కరెంటు పుచ్చుకుని క్షణాల్లో ఇచ్చే చోట్లే దీనికి పని.

కిలో తడి బురద ఇచ్చిన పాతిక గ్రాముల కార్బన్ ఒకసారి నిండితే దాచేది 0.13 వాట్-అవర్. ఆ బురదను హీటర్‌తో ఆరబెట్టి ఉంటే ఖర్చు 570 వాట్-అవర్లు. ఆరబెట్టిన కరెంటుతో సమానమైన కరెంటు ఈ కార్బన్ ద్వారా పోవాలంటేనే నాలుగు వేల సార్లకు పైగా నింపాలి. లక్షల సార్లు నింపి ఖాళీ చేసినా తట్టుకునే పరికరం కాబట్టి అది అసాధ్యం కాదు. కానీ ఎండతో ఆరబెట్టడానికీ కరెంటుతో ఆరబెట్టడానికీ ఎంత తేడా ఉందో ఇక్కడ తెలుస్తుంది.

ఇన్ని నెలల పని తర్వాత నేను చేరిన అభిప్రాయం ఇది. మంచి సూపర్ కెపాసిటర్ కార్బన్ కావాలనుకునేవాళ్లు బురద దగ్గరికి రానక్కర్లేదు. టెంక ఉంది, కొబ్బరి చిప్ప ఉంది. బురద మాత్రం మనం కావాలన్నా వద్దన్నా వస్తూనే ఉంటుంది. దాన్ని ఎక్కడో ఒకచోట పోయాలి, పోసిన చోట అది వాసన వేస్తుంది, మీథేన్ వదులుతుంది, దాని లోహాలు మట్టిలోకి దిగుతాయి. 600 డిగ్రీలు దాటిన బురదలో క్రిములుండవు, కార్బన్ స్థిరపడుతుంది, పరిమాణం బాగా తగ్గుతుంది. ఈ ప్రయోజనమే మొదటిది, కెపాసిటర్ దాని మీద వచ్చే అదనపు రాబడి. ఆ వరుసలో చూస్తేనే ఈ పనికి అర్థం ఉంది. ఫారడ్ల అంకె నుంచి మొదలుపెట్టి వెనక్కి చూస్తే బురద ఎప్పుడూ రెండో స్థానమే.

అక్టోబర్: కడిగిన నీళ్లు

రెండు రకాల డ్రమ్ములు నిండాయి. ఒకదాంట్లో యాసిడ్ కడుగుడు: ఇనుము, కాల్షియం, అల్యూమినియం, ఫాస్ఫరస్, కొద్దిగా జింకు, రాగి. ఇంకోదాంట్లో కేఓహెచ్ తర్వాతి వేడినీళ్లు: పొటాషియం కార్బొనేట్, మిగిలిన కేఓహెచ్, సిలికేట్. వీటిని సింకులో పారబోస్తే అవి మళ్లీ అదే మురుగు కాలవలో కలుస్తాయి, అదే ప్లాంటుకు చేరతాయి. చుట్టూ తిరిగి మొదటికే.

యాసిడ్ డ్రమ్ములో తడిపిన సున్నం కలుపుతూ పోతే పీహెచ్ 9 దగ్గరికి వచ్చేసరికి లోహాలు హైడ్రాక్సైడ్లుగా, ఫాస్ఫరస్ ఎక్కువగా ఫాస్ఫేట్లుగా చిక్కటి గోధుమరంగు మడ్డి అయి అడుగున పడ్డాయి. ఫాస్ఫరస్ ఉంది కదా, ఎరువుగా వాడొచ్చు కదా అని ఒక మిత్రుడు అడిగాడు. జింకు, రాగి, సీసం, క్రోమియం ఎంతెంత ఉన్నాయో ఐసీపీ పరీక్షలో తేలకుండా పొలంలో వేయకూడదు. శాంపిల్ పంపాం.

క్షారం డ్రమ్ము ఇంకా ఆసక్తిగా ఉంది. పొటాషియం కార్బొనేట్ ద్రావణంలో సున్నం కలిపి వేడి చేస్తే కాల్షియం కార్బొనేట్ అడుగుకు దిగి పైన కేఓహెచ్ మిగులుతుంది. బూడిద నీళ్లను సున్నంతో కాచి సబ్బుకు క్షారం చేసుకున్న పాత పద్ధతి ఇదే. పైగా సిలికేట్ కూడా కాల్షియం సిలికేట్‌గా దిగిపోతుంది కాబట్టి పైన తేరిన ద్రావణం మళ్లీ యాక్టివేషన్‌కు, అంటే రంధ్రాలు పొడవడానికి, పనికిరావాలి. మొదటి బీకరులో తెల్లటి మడ్డి బాగానే దిగింది. పైన ఉన్నదాంట్లో ఎంత కేఓహెచ్ తిరిగి వచ్చిందో టైట్రేషన్ చేయాలి. ఆరు రెట్ల మందులో సగమైనా తిరిగొస్తే ఈ పద్ధతికి ముందుదారి ఉందని అనుకుంటున్నాను. పావు కూడా రాకపోతే కేఓహెచ్ వదిలేసి, ఆవిరితోనో కార్బన్ డయాక్సైడ్‌తోనో రంధ్రాలు పొడిచే దారికి మారాలని మేడంతో ఒప్పందం.

సోడియం అయాన్ బ్యాటరీకి హార్డ్ కార్బన్ (ఎంత కాల్చినా గ్రాఫైట్‌గా మారని కార్బన్) చేస్తే ఎలా ఉంటుందన్న ప్రశ్న కూడా తలెత్తింది. 2000లో స్టీవెన్స్, డాన్ ఆ కార్బన్‌లో గ్రాముకు సుమారు 300 మిల్లీ ఆంపియర్-అవర్ల సోడియం నిలవ చూపించారు. అక్కడ అవసరం దీనికి పూర్తిగా వ్యతిరేకం. బయటికి తెరుచుకున్న రంధ్రాలు ఎంత తక్కువుంటే అంత మంచిది, లేకపోతే మొదటి చార్జిలోనే సోడియం ఉపరితలానికి అంటుకుని వృథా అవుతుంది. కేఓహెచ్ అక్కర్లేదు, అది పెద్ద ఊరట. బదులుగా 1100 డిగ్రీల పైన కాల్చాలి, గాలి, తేమ చొరబడని గ్లవ్ బాక్స్ కావాలి. మా ట్యూబ్ ఫర్నేస్ అంత వేడిని ఎక్కువసేపు మోయదు. ఇంకో ల్యాబ్‌తో మాట్లాడుతున్నాం.

ఈలోగా వాన మొదలవుతుంది. ఇక్కడ అసలు వాన ఈశాన్య రుతుపవనాలదే. 2021 నవంబర్‌లో ఊరంతా మునిగిన సంగతి అందరికీ తెలుసు. మేడ మీద ట్రేలు జనవరి దాకా పనికిరావు. అందుకని ఈ వారం ప్లాంటుకు వెళ్లి, సెంట్రిఫ్యూజ్ కేక్ తెచ్చి, మబ్బు పట్టేలోగా ఎండబెట్టి డబ్బాల్లో మూత బిగించాలి. అది అయ్యాక టైట్రేషన్. ఎక్స్‌పీఎస్, ఐసీపీ రిపోర్టులు వచ్చిన రోజు ఈ డైరీలో అంకెలు చేరుస్తాను.